వెనక్కి వాలిన గీతలు

సెలవు కదా అని పాత డిస్కు సర్దడానికి కూర్చున్నాను. పావుగంట పని అనుకున్నాను. ఒక ఫోల్డరు పేరు మధ్యాహ్నాన్నంతా మింగేసింది.

‘అమ్మ ఫోటోలు (పాతవి)’. ఆ పేరు పెట్టింది నేనే. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ‘అమ్మ’ అని కొట్టి ట్యాబ్ నొక్కగానే, ఆ ఆదేశాలను చదివి నడిపించే షెల్ ప్రోగ్రాం బాష్ మిగతాది పూరించింది: అమ్మ\ ఫోటోలు\ \(పాతవి\)/. ఖాళీ కనబడితే షెల్ అక్కడితో ఆ మాట అయిపోయిందనుకుంటుంది. బ్రాకెట్లకూ దాని దగ్గర వేరే అర్థం ఉంది. ఆ అర్థాలు ఇక్కడ వద్దని చెప్పడానికే ఈ వెనక్కి వాలిన గీతలు, అంటే బ్యాక్‌స్లాష్‌లు.

దాన్ని అలాగే కాపీ చేసి, బ్యాకప్ స్క్రిప్టులో డబుల్ కొటేషన్ల మధ్య అతికించాను. అలాంటిదేదీ లేదంది. ఎదురుగా కనిపిస్తుంటే లేదంటుందేమిటి! తెలుగు అక్షరాల మీద అనుమానం వచ్చి వాటిని ఒక్కొక్కటిగా పోల్చాను. పాపం, వాటి తప్పేమీ లేదు, బాష్ వాటి జోలికే పోలేదు. చాలాసేపటికి వెలిగింది: ఆ గీతలు ఫోల్డరు పేరులోవి కావు, షెల్‌కు ఇచ్చే సూచనలు. డబుల్ కొటేషన్ల లోపల డాలరు గుర్తు, బ్యాక్‌టిక్ (`) లాంటి కొన్నింటి ముందే బ్యాక్‌స్లాష్‌కు ఆ పని ఉంటుంది. ఖాళీ ముందు అది మామూలు అక్షరమే. అంటే నా స్క్రిప్టు, పేరులో నిజంగానే గీతలున్న ఫోల్డరు కోసం వెతుకుతోంది. ముందే కొటేషన్ తెరిచి ట్యాబ్ నొక్కి ఉంటే బాష్ ఈ గీతలు పెట్టేదే కాదు. సరిపోయే ఫైలు ఒక్కటే ఉంటే చివరి కొటేషన్ కూడా తనే మూస్తుంది.

2016లో, ఫోల్డరులో ఏమున్నాయో చూపించే జీఎన్‌యూ ఎల్‌ఎస్ (ls) ఆదేశం ఇలాంటి పేర్లను సింగిల్ కొటేషన్లలో చూపించడం మొదలుపెట్టినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఈ రోజు ఆ కోపం కాస్త తగ్గింది.

తర్వాత ‘-పాతది’ అనే ఫైలు తగిలింది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో ఫైలు పేర్లకు నిషిద్ధమైనవి రెండే: స్లాష్, విలువ సున్నా అయిన బైటు. కాబట్టి ముందు అడ్డగీత ఉన్నా చెల్లుతుంది. ఇక్కడ ట్యాబ్ ఏ గీతా పెట్టలేదు, ఎందుకంటే షెల్‌కు అడ్డగీత ప్రత్యేకమైనది కాదు. దాన్ని ఆప్షన్, అంటే తనకిచ్చిన అదనపు సూచన, అనుకునేది ఫైళ్లను తీసేసే ఆదేశం ఆర్‌ఎం (rm). అయితే ఆర్‌ఎం మర్యాదస్తురాలు: పని కుదరదంటూనే, పేరుకు ముందు ./ పెట్టి చూడమని చెప్పింది. పెట్టాను, ఫైలు పోయింది.

ఫోల్డరు పేరులో ఖాళీల బదులు అండర్‌స్కోర్లు పెట్టి చూశాను. అమ్మ ఫోటోల మీద నేలబారు గీతలు అస్సలు నచ్చలేదు. మళ్లీ పాత పేరే పెట్టేశాను, బ్రాకెట్లతో సహా.