కాకరపాదుకి మామిడితోట ఎర

ఈ వారం మా మిద్దె మీద కోసిన కాకరకాయల్లో ఒక్కటీ పుచ్చు లేదు. సంతోషం ఎంత ఉందో, పురుగుమందుల కొట్టాయన మీద కోపమూ అంతే ఉంది.

మిగతా పురుగులతో పెద్ద పేచీ రాలేదు. చిక్కుడుకి పేనుబంక పడితే లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, అది కలవడానికి కాస్త సబ్బునీళ్ళు వేసి, సాయంత్రం ఎండ తగ్గాక ఆకు అడుగు తడిసేలా కొట్టాను. మందారం మీది పిండినల్లిని పైపు నీళ్ళతో కడిగేశాను. చీమల బారు ఉంటే ముందు దాన్ని ఆపండి. పిండినల్లి కార్చే తీపి జిగురు కోసం చీమలే దానికి కాపలా కాస్తాయి. అక్షింతల పురుగులు తిరుగుతుంటే మాత్రం వేపనూనె కూడా వద్దు, పేనుబంకని అవే తినేస్తాయి.

నా పరువు పోయింది కాకర దగ్గర. పిందె వేలెడంత అయ్యేసరికి వంకర తిరిగి, పసుపుపచ్చగా మారి రాలిపోయేది. కోస్తే లోపల తెల్ల పురుగులు. పండు ఈగ లేత తొక్కని గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. పురుగు లోపలే ఉండి తింటుంది కాబట్టి పైన ఎంత కషాయం కొట్టినా దానికి తగలదు. ఈగల్ని వాసనతో రప్పించి పట్టే ఎరబుట్ట కట్టాలని విని కొట్టుకెళ్ళి, కాకరపాదుకి కావాలని అడిగాను.

"ఎన్ని ఎకరాలమ్మా?" అన్నాడు.

మిద్దె మీద కుండీలన్నాను. అంతే, కొట్లో ఉన్న రైతులందరికీ వినపడేలా "ఏందమ్మా, కుండీలకి కూడా బుట్టలా? బజార్లో కాకరకాయలు దొరకట్లేదా?" అని ఒకటే నవ్వు. పక్కనున్నాయన వంత పాడాడు. నా మొహం కూడా చూడకుండా ఒక ప్యాకెట్ బల్ల మీద పడేశాడు.

తెచ్చి కట్టాను. బుట్టలో ఈగలు బాగానే పడ్డాయి. కాయలు మాత్రం అట్లానే పుచ్చుతున్నాయి! పిచ్చెక్కిపోయింది. చివరికి ఉలవపాడులో మామిడితోట ఉన్న మా పెద్దమ్మ కొడుకు వచ్చి ప్యాకెట్ చదివాడు. "ఇది మేం మామిడికి కట్టేది కదక్కా!" అన్నాడు. మిథైల్ యూజినాల్ అనే ఎర. అది మామిడి, జామ ఈగలకి. పక్కింటి జామచెట్టు ఈగల్ని నేను పిలిచి మరీ పడుతున్నానన్నమాట. కాకర, బీర, సొర, దోస ఈగకి క్యూ లూర్ అని వేరే ఎర ఉంది. ఎకరాలున్న వాళ్ళు అడిగితే ఇట్లా చేతికందింది ఇస్తాడా?

క్యూ లూర్ ఆయన దగ్గర కొనలేదు, తమ్ముడితో ఒంగోలు నుంచి తెప్పించుకున్నా. ఈ రెండు ఎరలకీ పడేది మగ ఈగలే. జత కట్టడం తగ్గాకే గుడ్లు తగ్గుతాయి, కాబట్టి కట్టిన మర్నాడే ఫలితం చూడకండి. ఈలోపు పువ్వు వాడి పిందె నిలిచాక పాత చీరగుడ్డ సంచులు తొడిగాను. పుచ్చిన కాకరకాయల్ని ఎరువు కుండీలో వేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై లేస్తుంది. కవర్లో గట్టిగా ముడేసి ఎండలో పడెయ్యండి.

కాయలు తీసుకెళ్ళి ఆ కొట్టాయనకి చూపించి రమ్మని మా ఆయన అన్నారు. ఎందుకూ? ఉల్లికారం పెట్టి మేమే తినేశాం.