నదికి అటూ ఇటూ

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో ఉన్నప్పుడు, ఉరుగ్వే రాజధాని మాంటెవీడియో వెళ్తున్నానంటే, "ప్రశాంతంగా ఉంటుందిలే, అంతకుమించి ఏముంది!" అన్నారు. ఫెర్రీలో రియో దె లా ప్లాటా నది దాటాక అవతలి వాళ్ల గురించి అడిగితే, "మంచివాళ్లే, కాస్త గొప్పలెక్కువ" అన్నారు. రెండు ఒడ్డుల వాళ్లూ నవ్వుతూనే అన్నారు. అది నాకు భలే నచ్చింది.

మాతే అనే ఆకుల పానీయం ఇద్దరిదీ. కానీ మాంటెవీడియోలో చూడాలి! వేడినీళ్ల ఫ్లాస్కు చంకలో ఇరికించి, అదే చేత్తో సొరబుర్ర కప్పు పట్టుకుని, నీళ్ల వెంబడి రాంబ్లా రోడ్డు మీద కబుర్లాడుతూ, లోహపు గొట్టంతో పీలుస్తూ నడిచిపోతుంటారు. ఈ విషయంలో నా ఓటు మాంటెవీడియోకే.

ఫుట్‌బాల్ మాటెత్తితే మాత్రం నేరుగా 1930కి వెళ్లిపోతారు. మొట్టమొదటి ప్రపంచకప్ ఫైనల్, అదీ మాంటెవీడియోలో. ఎవరి బంతితో ఆడాలన్న దగ్గరే పేచీ! చివరికి మొదటి సగం అర్జెంటీనా బంతితో, రెండో సగం ఉరుగ్వే బంతితో ఆడారు. విరామానికి అర్జెంటీనా 2-1తో ముందుంది. ఆట ముగిసేసరికి ఉరుగ్వే 4-2తో గెలిచింది. ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెప్తారు.

టాంగో (ఇక్కడి సంగీతం, నాట్యం) గాయకుడు కార్లోస్ గార్డెల్ ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో పుట్టి బ్యూనస్ ఐరిస్‌లో పెరిగాడని అర్జెంటీనా వాళ్లు, కాదు మా టాకువారెంబోలోనే పుట్టాడని ఉరుగ్వే వాళ్లు అంటారు. అదే టాంగోని 2009లో యునెస్కో వారసత్వ జాబితాకి మాత్రం రెండు దేశాలూ కలిసే ఎక్కించాయి. ఇంత పేచీ పెట్టుకునేవాళ్లు ఒకే అప్లికేషన్ మీదకి రావడం ఎంత ముచ్చటగా ఉందో!