బోర్డు మీద ఆరు వందల డాలర్లు

మన పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడగ్గానే, 'ఆఫ్ మైస్ అండ్ మెన్' నవల చెప్పిన మాస్టారి బోర్డే నాకు కళ్ల ముందు కదిలింది. మిగతా సంవత్సరాల గురించి రాసేవాళ్లు రాస్తారు. అందులో లెన్నీ అడిగే "కుందేళ్ల సంగతి చెప్పు జార్జీ" అంటే చాలు, మన బ్యాచ్‌లో ఇంకేం చెప్పక్కర్లేదు.

1937లో వచ్చిన స్టైన్‌బెక్ నవల 'ఆఫ్ మైస్ అండ్ మెన్'లో ఉన్నవి ఆరే అధ్యాయాలు. రాంచ్‌లలో, అంటే పెద్ద పెద్ద పొలాల్లో, కూలి పనిచేసే జార్జి, లెన్నీ అనే ఇద్దరు స్నేహితుల కథ అది. మొదలయ్యేది కాలిఫోర్నియాలో సొలెడాడ్ దగ్గర. ఆ ఊరి పేరుకి స్పానిష్‌లో అర్థమే ఏకాంతం. ఒంటరితనం, స్నేహం, ఆశ అని మూడు హెడ్డింగులు పెట్టి పాత్రల్ని వాటికింద సర్దేసిన జవాబుల్ని మాస్టారు నిర్దాక్షిణ్యంగా కొట్టేసేవారు. "వస్తువు చూపించు" అనేవారు. ఒంటరితనం అని రాస్తే సరిపోదు, జార్జి ఒక్కడే కూర్చుని పేకముక్కలు పరుచుకునే సాలిటేర్ ఆట చూపించాలి.

ఇక ఆశ దగ్గరికొస్తే ఆయన లెక్కే వేసేశారు. వాళ్లు కొనుక్కోవాలని కలగన్న పదెకరాల పొలం, ధర 600 డాలర్లు. ఆ కలలో చేరిన ముసలి కూలీ క్యాండీకి, చెయ్యి పోయినందుకు రాంచ్ వాళ్లిచ్చిన 250, బ్యాంకులో 50, నెలాఖరుకి రావాల్సిన 50: మొత్తం 350. జార్జి, లెన్నీల నెల కూలి చెరో 50. అన్నీ కలిపితే 450. తక్కువ పడ్డ 150కి మాస్టారు గుండ్రంగా సున్నా చుట్టి, "ఇది ఎవరు తెస్తారు?" అన్నారు. జవాబు మూడో అధ్యాయంలోనే ఉంది: నువ్వూ లెన్నీ వెళ్లి పొలం పని మొదలుపెట్టండి, నేను ఎక్కడో పని చూసుకుని మిగతాది తీరుస్తానంటాడు జార్జి క్యాండీతో. కలిసి బతకడం కోసం ముందు తనే విడిగా ఉండటానికి సిద్ధపడ్డాడన్నమాట. స్నేహం గురించి ఆ నవలలో ఇంతకంటే గట్టి వాక్యం నాకు కనపడలేదు.

అదే 50 ఐదో అధ్యాయంలో మళ్లీ వస్తుంది. యజమాని కొడుకు కర్లీ భార్య పొరపాటున లెన్నీ చేతిలో చనిపోయి, కల చెదిరిపోయాక జార్జి, నెలంతా పనిచేసి ఆ యాభై పట్టుకుని ఏ వేశ్యాగృహంలోనో, బిలియర్డ్స్ గదిలోనో రాత్రి గడిపేస్తానంటాడు. ఆ యాభై అంకె మారలేదు. దాన్ని ఎవరితో కలిపి లెక్కపెట్టాలో ఆ లెన్నీయే లేకుండా పోయాడు.

రాంచ్‌లో గుర్రాల పని చూసుకునే క్రుక్స్ దగ్గర చాలామందిమి తప్పేవాళ్లం. నల్లవాడు కాబట్టి వేరే గది, కాబట్టి ఒంటరి అని రాసి ఊరుకునేవాళ్లం. నాలుగో అధ్యాయం అతను వీపుకి మందు రాసుకోవడంతో మొదలై, మళ్లీ అదే పనితో ముగుస్తుంది. ఆ మధ్యలోనే, తిండి పెడితే చాలు, జీతం లేకుండా మీ పొలంలో పనిచేస్తానంటాడు. కర్లీ భార్య వచ్చి బెదిరించి వెళ్లాక, ఊరికే అన్నాను, నాకలాంటి చోటికి రావాలని లేదంటాడు. ఆశ పుట్టడం, పోవడం రెండూ ఒక్క శనివారం రాత్రే, ఒక్క గదిలోనే.

ఇప్పుడు నా క్లాసులో ఆ లెక్క నేను వెయ్యను, సుద్దముక్క పిల్లలకే ఇస్తాను. అందరూ 150 దగ్గర ఆగుతారు. మొన్న ఒకమ్మాయి మాత్రం 600 దగ్గరే ఆగిపోయింది. పొలం అంత చవగ్గా రావడానికి కారణం, అమ్మే ముసలివాళ్ల చేతిలో చిల్లిగవ్వ లేదు, వాళ్లలో ముసలావిడకి ఆపరేషన్ కావాలి. "మరి వీళ్లు కొనకపోతే ఆవిడ ఆపరేషన్ సంగతేంటండీ?" అంది. మాస్టారు మనల్ని ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.