గ్రహణం నాడు మారేది సూర్యుడు కాదు, మన కన్ను

“గ్రహణం రోజున సూర్యుడి నుంచి ప్రత్యేకంగా చెడ్డ కిరణాలు వస్తాయా, మామయ్యా?” అని మా చెల్లెలి కూతురు అడిగినప్పుడు, రావని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఆ జవాబు నిజమే అయినా, అది విన్న పిల్ల అలాగైతే నేరుగా చూడవచ్చు కదా అనుకునే ప్రమాదం ఉంది. ఆ రోజూ వెలిగేది ఎప్పటి సూర్యుడే. తనను తాను కాపాడుకునే అలవాటును కన్ను మరచిపోవడమే అసలు చిక్కు.

మామూలు రోజున నడినెత్తి సూర్యుడి వైపు చూడబోతే కళ్ళు వాటంతట అవే మూతపడతాయి, కంటిపాప కుంచించుకుపోతుంది. గ్రహణం ముదిరేకొద్దీ పరిసరాలు మసకబారి, కంటిపాప విప్పారి, చూపు తిప్పుకోవాలన్న తొందరే పుట్టదు. కానీ చంద్రుడు కప్పగా మిగిలిన ఆ సన్నని నెలవంక వైశాల్యంలో చిన్నదే తప్ప, అందులోని ప్రతి బిందువూ ఎప్పటిలాగే కళ్ళు చెదిరే ప్రకాశంతో ఉంటుంది. దాని ప్రతిబింబం కంటి లోపలి తెర అయిన రెటీనా మీద ఎక్కడ పడితే అక్కడి కణాలు దెబ్బతింటాయి. రెటీనాలో నొప్పిని తెలిపే నరాలు లేవు కనుక ఆ క్షణంలో ఏమీ తెలియదు. కొన్ని గంటల తరవాత పుస్తకం తెరిస్తే, చుట్టూ ఉన్న అక్షరాలు కనిపిస్తూ, సరిగ్గా చదవబోయిన అక్షరం మీదనే ఒక మచ్చ నిలిచి ఉంటుంది. కొందరికి అది నెలల మీద కొంత తగ్గుతుంది, కొందరికి జీవితాంతం ఉండిపోతుంది.

ఇంతకీ అంత చిన్న చంద్రుడు అంత పెద్ద సూర్యుణ్ణి కప్పడమెలా? సూర్యుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి సుమారు 400 రెట్లు, మన నుంచి సూర్యుడి దూరం కూడా చంద్రుడి దూరానికి సుమారు 400 రెట్లు. అందుచేత ఆకాశంలో రెండూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. చంద్రుడి కక్ష్య భూకక్ష్యా తలానికి 5 డిగ్రీలకు పైగా వాలి ఉన్నందువల్ల ప్రతి అమావాస్యకూ గ్రహణం పట్టదు. ఆ రెండూ ఖండించుకునే చోట్లకే మన ఖగోళ గణితంలో రాహువు, కేతువు అని పేర్లు. సూర్యుడు వాటి సమీపంలో ఉండగా అమావాస్య వస్తేనే చంద్రుడి నీడ భూమిని తాకుతుంది. చంద్రుడు దూరంగా ఉన్న రోజుల్లో సూర్యబింబాన్ని పూర్తిగా కప్పలేడు కనుక చుట్టూ ఉంగరంలా వెలుగు మిగిలి, వలయాకార గ్రహణం అవుతుంది.

1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో సంపూర్ణ గ్రహణాన్ని, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినితో పరిశీలించి, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణరేఖలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకపోయినా కనిపించాలని ఊహించి, మర్నాడే వాటిని చూడగలిగాడు. ఆ కొద్ది నిమిషాల చీకటి అంత విలువైనది కాబట్టే, చూడవద్దని భయపెట్టడం కంటే చూసే పద్ధతి నేర్పడం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

ఐఎస్ఓ 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణానికి లోబడి తయారైన గ్రహణ కళ్ళద్దాలు వాడాలి. గీత పడినా, చిల్లి పడినా పారవేయాలి. 14వ నంబరు వెల్డింగ్ అద్దం కూడా పనికివస్తుంది. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజు, చలువ కళ్ళద్దాలు, సీడీ, పళ్ళెంలో నీళ్ళ మీది ప్రతిబింబం వీటిలో ఏదీ నమ్మదగినది కాదు, ఎందుకంటే వెలుగు తగ్గినట్టు కనిపించినంత మాత్రాన హాని చేసే కాంతి ఆగిందని అర్థం కాదు. గ్రహణ కళ్ళద్దాలు పెట్టుకుని బైనాక్యులర్స్‌లో చూడడం మరీ ప్రమాదం: కటకాలు పోగుచేసిన వేడికి ఆ పలుచని పొర కాలిపోతుంది. వడపోత ఎప్పుడూ కటకానికి ముందు, సూర్యుడి వైపే ఉండాలి.

కళ్ళద్దాలు తీయదగిన సమయం ఒక్కటే: సంపూర్ణ గ్రహణ మార్గంలో ఉండి, సూర్యుడు పూర్తిగా మరుగైన ఆ కొద్ది నిమిషాలు. సూర్యుడి చుట్టూ ఉండే తెల్లని వెలుగు వలయం, అంటే కరోనా, అప్పుడే కంటికి కనిపిస్తుంది. అంచున తొలి వెలుగు చుక్క మెరవగానే మళ్ళీ పెట్టుకోవాలి. పాక్షిక, వలయాకార గ్రహణాల్లో ఆ అవకాశమే లేదు.

పిల్లలకు నేను ముందుగా చూపేది మాత్రం సూదిబెజ్జమే. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, అట్టకు సూదితో బెజ్జం చేసి, ఒక మీటరు దూరంలో తెల్లకాగితం ఉంచితే, సుమారు 9 మిల్లీమీటర్ల సూర్యబింబం దాని మీద పడుతుంది. మొన్నటి పాక్షిక గ్రహణానికి మా పిల్ల పట్టుబట్టి బెజ్జాన్ని చతురస్రంగా కత్తిరించింది. కాగితం మీద పడింది మాత్రం నెలవంకే. పక్కనే చెట్టు కింద, ఆకుల సందుల్లోంచి జారిన వెలుగు మచ్చలన్నీ ఒకే వైపుకు వంగిన నెలవంకలై ఉండగా, ఆమె వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.