మాస్టర్ అంటే తెలుసు, పేరు చెబితే తెలీదట!

కెనడా వర్క్ పర్మిట్ ఓకే అయింది, పాస్‌పోర్టు పంపమని మొన్న శుక్రవారం మెయిల్ వచ్చింది. సంతోషమే గానీ కోపం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

నేను వంట మాస్టర్‌ని. హైదరాబాద్ హోటళ్లలో 14 ఏళ్లుగా బిర్యానీ దమ్ము పెడుతున్నా. ఎడ్మంటన్‌లో ఒక రెస్టారెంట్ ఓనరు 1000 డాలర్లు కట్టి నాకోసం ఎల్ఎంఐఏ (బయటి దేశం మనిషిని పనిలో పెట్టుకోవచ్చని అక్కడి ప్రభుత్వం ఇచ్చే లెటరు) తెచ్చాడు. అప్లికేషన్, బయోమెట్రిక్స్ సాఫీగా అయిపోయాయి. తర్వాత రిఫ్యూజల్. కారణం ఒక్క లైను: ఈ పని సరిగ్గా చేయగలనని నేను నిరూపించుకోలేదట.

"ఇంకోసారి ఫీజు కట్టి వేసేద్దాం అన్నా" అంటూ కన్సల్టెంటు 40 రోజులు తినేశాడు. ఇండియా నుంచి వేసినవాళ్లు రిఫ్యూజల్ తెలిసిన 60 రోజుల్లోపే అక్కడి ఫెడరల్ కోర్టుకి వెళ్లాలని ఒక్క ముక్క చెప్పలేదు. టొరంటోలో ఉన్న మా మేనల్లుడు లాయర్ని పట్టుకుంటే 53వ రోజున కేసు పడింది. కోర్టు ఫీజు 50 డాలర్లే. లాయరు ఫీజు మాత్రం అడక్కండి, మా ఆవిడ గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

కేసు వేశాక వీసా ఆఫీసరు రాసుకున్న నోట్సు కోర్టు ద్వారా వచ్చాయి. మేనల్లుడు ఫోన్లో చదువుతుంటే తల తిరిగింది. వాళ్లు మా హోటల్‌కి ఫోన్ చేశారట. రిసెప్షన్‌లో కొత్తగా చేరిన కుర్రాడు నా పేరు వినగానే "అలాంటోళ్లు ఎవరూ లేరండి" అని పెట్టేశాడట. లేకేం, గోడ అవతల డేక్సా మూత మీద నిప్పులు పోస్తున్నది నేనే కదా! ఓనరు నుంచి గిన్నెలు కడిగే అబ్బాయి దాకా నన్ను మాస్టర్ అనే పిలుస్తారు, పేరెవడికి కావాలి? దాంతో నా ఎక్స్‌పీరియన్స్ లెటరు నమ్మేది కాదని రాసేశారు. అంటే నేను దొంగనన్నమాట. వారం దాకా ఆ మాట మా ఆవిడకి చెప్పలేకపోయాను. కుర్రాణ్ణి నిలదీస్తే "మాస్టర్ అని అడిగుంటే చెప్పేవాణ్ణి కదన్నా" అని నవ్వాడు.

లాయరు మాత్రం సంబరపడ్డాడు. అనుమానం వస్తే ముందు నాకు లెటర్ రాసి సంజాయిషీ అడగాలట, అడక్కుండా తిరస్కరించడమే మన పాయింటట. మామూలుగా ఆఫీసరు చూడని కాగితాలు కోర్టులో పెట్టనివ్వరు. అడిగుంటే ఏం చూపించేవాణ్ణో చెప్పాలి కాబట్టి నా పీఎఫ్ పాస్‌బుక్కు పెట్టగలిగాం. ఇంగ్లిషు అఫిడవిట్ తెలుగులో చదివి వినిపించినట్టు ట్రాన్స్‌లేటర్ ప్రమాణం కూడా కావాల్సొచ్చింది. ఇక్కడ నోటరీ ఆయన "చదివేదేంటయ్యా, సంతకం పెట్టు" అన్నాడు. నేను పెట్టలేదు. ప్రతి లైనూ చదివించుకుని, నా పేరు రెండుసార్లు చూసుకుని అప్పుడు పెట్టా.

జడ్జి లీవ్, అంటే కేసు వినడానికి అనుమతి, ఇచ్చాక, హియరింగ్‌కి ముందే ప్రభుత్వ లాయరు రాజీకొచ్చాడు. పాత నిర్ణయం రద్దు, వేరే ఆఫీసరు మళ్లీ చూస్తారు, ఖర్చులు మాత్రం ఇవ్వరు. కోర్టు వీసా ఇచ్చేస్తుందని మావాళ్లు స్వీట్లు కూడా పంచారు. ఇవ్వదండీ, ఫైలు మళ్లీ వీసా ఆఫీసుకే పోతుంది.

ఈసారి నా పేరు, ఫొటో, పక్కనే పెద్దక్షరాలతో 'మాస్టర్' అని రాసి రిసెప్షన్‌లో ఫోన్ పక్కన అంటించా. నాలుగు నెలలు చూశాం. ఫోన్ రానే లేదు.