ఒక లాప్‌టాప్ వెనక 367 డాలర్లు: అమెరికాలో చిన్న సేవాసంస్థ బోర్డు లెక్కలు

అమెరికాలో మనవాళ్లు నడిపే చిన్న టెక్నాలజీ సేవాసంస్థల్లో జనవరి బోర్డు సమావేశం దాదాపు ఒకేలా సాగుతుంది. "పోయినేడు ఇరవై వేలొచ్చాయి, ఈ ఏడు యాభై పెట్టుకుందాం" అని ఒకరంటారు. మిగతావాళ్లు సరేనంటారు. ఆ యాభై వేలు దేనికి, ఎవరి దగ్గర్నుంచి, ఏ నెలకల్లా రావాలి అని ఎవరూ అడగరు. మార్చి వచ్చేసరికి ఆ అంకె మినిట్స్‌లో తప్ప ఇంకెక్కడా కనిపించదు. అక్కడ కూర్చున్నవాళ్లంతా పగలు ఆఫీసులో డెడ్‌లైన్లు, బడ్జెట్లు పక్కాగా నడిపేవాళ్లే. సేవ దగ్గరికొచ్చేసరికి మాత్రం తోటివాళ్లను లెక్క అడగడం మర్యాద కాదనుకుంటారు. లెక్క అడగడానికే బోర్డు ఉన్నది.

ముందు పని తేల్చుకోవాలి, ఆ తర్వాతే డబ్బు మాట. పబ్లిక్ లైబ్రరీలో ఒక గది తీసుకుని, పిల్లల దగ్గరికొచ్చి స్థిరపడిన పెద్దవాళ్లకీ కొత్తగా వలస వచ్చిన ఇతర దేశాలవాళ్లకీ కంప్యూటర్ నేర్పి, బాగుచేసిన పాత లాప్‌టాప్ ఇచ్చి పంపే సంస్థ ఒకటి ఉందనుకుందాం. "పెద్దలకు డిజిటల్ అక్షరాస్యత" అన్నది ఆశయం. ఏడాది చివర అది నెరవేరిందో లేదో ఎవరూ చెప్పలేరు. లక్ష్యం ఇలా రాసుకోవాలి: డిసెంబరు 15 నాటికి 60 మంది, ఎవరి సాయమూ లేకుండా, డాక్టరు పోర్టల్‌లోకి వెళ్లి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, మందుల రీఫిల్ అడగాలి, మోసపు ఈమెయిల్ వస్తే గుర్తుపట్టాలి. దీన్ని కొలవడం తేలికే. ఆఖరి క్లాసులో వలంటీరు వెనక నిలబడి చూస్తారు, మౌస్ మీద చెయ్యి వెయ్యరు. ఒక్కసారి అందుకుని క్లిక్ చేసినా ఆ వ్యక్తి 60 లెక్కలోకి రారు, తర్వాతి బ్యాచ్‌లో మళ్లీ కూర్చుంటారు. ఇలాంటి లక్ష్యాలు ఏడాదికి మూడుకు మించి పెట్టుకోవద్దు. అందరూ ఉద్యోగాలు చేసుకునే ఏడుగురు సభ్యుల బోర్డు అంతకన్నా మొయ్యలేదు.

ఇప్పుడు ఖర్చు. కంపెనీలు పాత లాప్‌టాప్‌లు ఉచితంగానే ఇస్తాయి కాబట్టి ఖర్చేముంది అనుకునేవాళ్లు చాలామంది. తెచ్చిన డబ్బాలు విప్పితే తెలుస్తుంది. మొట్టమొదట ఛార్జర్లుండవు. ఉద్యోగుల దగ్గర్నుంచి మెషీన్లు వెనక్కి వచ్చినప్పుడు ఛార్జర్లు ఇళ్లలోనే ఉండిపోతాయి. రెండోది, కొన్ని మెషీన్లు ఇంకా ఆ కంపెనీ డివైస్ మేనేజ్‌మెంట్‌లో, అంటే మెషీన్లను దూరం నుంచే అదుపులో ఉంచే వ్యవస్థలో, నమోదై ఉంటాయి. విండోస్ కొత్తగా ఎక్కించి ఇంటర్నెట్‌కు కలపగానే ఆ కంపెనీ లాగిన్ పేజీ ప్రత్యక్షమవుతుంది. దాన్ని మనం తీసెయ్యలేం. సీరియల్ నంబర్ల జాబితా పంపి, వాళ్ల ఐటీవాళ్ల చేతే రిలీజ్ చేయించాలి. ఈ పని మెషీన్లు మన కారెక్కకముందే జరగాలి, తర్వాతైతే ఈమెయిళ్లకు జవాబు రాదు. మూడోది, విండోస్‌కన్నా ముందే మెషీన్‌కు తాళం వేసే బయోస్ పాస్‌వర్డ్. దానికీ అదే మందు. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే ఆ మెషీన్ ఆన్ చెయ్యకుండా పక్కన పెట్టి, బ్యాటరీలు తీసుకునే రీసైక్లర్‌కు ఇవ్వాలి.

విండోస్ 10కి మామూలుగా అందే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే పనిచేస్తుంది. అంతకన్నా పాతవాటిలో విండోస్ బదులు లినక్స్ మింట్ గానీ క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ గానీ వేసుకోవచ్చు. కాకపోతే నేర్పే పాఠం కూడా దానికి తగ్గట్టు మారాలి. ఒకే బ్యాచ్‌లో సగం మందికి విండోస్, సగం మందికి లినక్స్ ఇస్తే క్లాసు నడవదు. డిస్కు చెరపడం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ చెప్పిన 800-88 పద్ధతిలో చేసి, సీరియల్ నంబరు వారీగా ధ్రువపత్రం ఇస్తామని ముందే చెబితేనే పెద్ద కంపెనీలు మెషీన్లు ఇస్తాయి. వచ్చినవాటిలో మూడో వంతు పనికిరావనుకుని లెక్క వెయ్యండి. 60 ఇవ్వాలంటే 90 తేవాలి. ఛార్జరు, కొన్నింటికి బ్యాటరీ, కొన్నింటికి ఎస్ఎస్‌డీ కలిపి సగటున మెషీన్‌కు 75 డాలర్లు పెట్టుకుంటే 60కి 4,500.

అక్కడితో ఆగిపోయి "75 డాలర్లిస్తే ఒక లాప్‌టాప్" అని ప్రచారం మొదలుపెట్టే బోర్డులు కష్టాల్లో పడతాయి. మిగతా ఖర్చు కూడా చూడండి. ఆరు బ్యాచ్‌లకు పాఠాల ముద్రణ 600. నాలుగు హాట్‌స్పాట్‌లు నెలకు 30 చొప్పున ఏడాదికి 1,440. లయబిలిటీ, డైరెక్టర్ల బీమా 1,800. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, డొమైన్, రాష్ట్ర ఫీజులు 900. వారానికి ఎనిమిది గంటలు పనిచేసే కోఆర్డినేటరుకు గంటకు 25 చొప్పున 48 వారాలకు 9,600, దానిమీద యజమాని వాటా పేరోల్ ట్యాక్స్ 7.65 శాతం, అంటే 734. అన్నీ కలిపితే 19,574. పదో వంతు అత్యవసర నిధికి, కొంత కార్డు ఫీజులకు కలిపితే 22,000. దాన్ని 60 మందికి పంచితే మనిషికి 367 డాలర్లు. దాతకు చెప్పాల్సిన అంకె ఇదే. 75 అని చెప్పి అరవై మంది దగ్గర వసూలు చేసినా చేతికొచ్చేది 4,500. పైగా "లాప్‌టాప్ కోసమే" అని తీసుకున్న డబ్బు అద్దెకో జీతానికో వాడకూడదు. దాత ఏ పనికని ఇస్తే ఆ పనికే అది కట్టుబడి ఉంటుంది.

కోఆర్డినేటరు ఉద్యోగం గురించి మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు జీతం తీసుకోకుండా బోర్డులో ఉండొచ్చు. తమ పేర పిటిషన్ వేసిన యజమాని దగ్గర తప్ప ఇంకెక్కడా జీతం తీసుకోకూడదు. హెచ్-4 మీద ఉండి ఈఏడీ (పని అనుమతి కార్డు) లేనివాళ్లూ జీతం తీసుకోకూడదు, గిఫ్ట్ కార్డు రూపంలో ఇచ్చినా తప్పే. "ఇప్పుడు ఊరికే చెయ్యండి, కార్డు వచ్చాక చూసుకుందాం" అని ఒప్పించడం ఆ మనిషి భవిష్యత్తుకే ముప్పు తెస్తుంది. సందేహముంటే ఇమిగ్రేషన్ లాయరును అడిగాకే ముందుకెళ్లాలి.

ఇరవై రెండు వేలు ఎలా వస్తాయి? కాగితం మీద మెట్లు గీసుకోవాలి. 3,000 ఇచ్చేవారు ఒకరు, 1,500 ఇద్దరు, 500 ఆరుగురు, 200 ఇరవై మంది, 50 అరవై మంది. మొత్తం 89 విరాళాలు, 16,000 డాలర్లు. కంపెనీల మ్యాచింగ్, అంటే ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ జతచేసేది, 3,000, స్థానిక ఫౌండేషన్ గ్రాంటు 3,000. ఒక్క విరాళం రావాలంటే ముగ్గురిని అడగాలనుకుంటే దాదాపు 270 పేర్లు కావాలి, అంటే సభ్యుడికి నలభైలోపు. సమావేశంలోనే అందరూ ఫోన్లు తీసి పేర్లు రాయాలి. ఒకే అపార్ట్‌మెంటు, ఒకే క్రికెట్ జట్టు, ఒకే ఊరివాళ్ల పేర్లు ఏడు జాబితాల్లోనూ కనిపిస్తాయి. అది మంచి సమాచారమే. మన సంస్థ ఎంత చిన్న వలయంలో తిరుగుతోందో అక్కడే తెలుస్తుంది. క్లాసుకొచ్చే వలస కుటుంబాలు అన్ని దేశాలవీ అయినప్పుడు దాతలు తెలుగువాళ్లు మాత్రమే కావడం సంస్థకు బలం కాదు.

అడగడం మనకు చేతకాని పని. అప్పు అడిగినంత సిగ్గుపడతాం. అందుకే వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి చేతులు దులుపుకుంటాం. గ్రూపులో పెట్టినదాన్ని చూసి ఎవరికి వారు మిగతావాళ్లు ఇస్తారులే అనుకుంటారు. ఫోన్ చెయ్యాలి, అంకె చెప్పాలి, చెప్పాక ఆగాలి. "రమేషన్నా, లైబ్రరీలో పెద్దవాళ్లకి కంప్యూటర్ క్లాసులు నడుపుతున్నాం కదా. ఒక మనిషికి లాప్‌టాప్‌తో సహా నేర్పడానికి 367 డాలర్లవుతోంది. ఈ ఏడు ఇద్దరి ఖర్చు మీరు పెట్టుకోగలరా?" ఇంతే. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని "పర్లేదన్నా, మీ ఇష్టం, ఎంతైనా సరే" అని మనమే నింపేస్తే ఏడు వందలు రావాల్సిన చోట యాభై వస్తాయి. కాదంటే థాంక్స్ చెప్పి, పాత మెషీన్లిచ్చే కంపెనీవాళ్లెవరైనా తెలుసా అని అడగండి. బోర్డులో ప్రతి ఒక్కరూ, పదో వెయ్యో తమ తాహతు కొద్దీ, ముందు తాము ఇచ్చాకే ఇతరులకు ఫోన్ చెయ్యాలి. గ్రాంటు దరఖాస్తుల్లోనూ "బోర్డు సభ్యుల్లో ఎంత శాతం ఇచ్చారు" అనే ప్రశ్న తరచు ఉంటుంది.

మ్యాచింగ్ మనవాళ్లు చేతులారా వదిలేసే డబ్బు. పెద్ద టెక్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఎందరో ఇచ్చాక పోర్టల్‌లో నమోదు చెయ్యరు. సంస్థ బెనెవిటీ లాంటి మ్యాచింగ్ పోర్టళ్లలో ముందే నమోదై ఉండాలి, అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ రికార్డులో ఉన్న పేరూ, ఈఐఎన్ (సంస్థ పన్ను గుర్తింపు సంఖ్య) కూడా అక్షరం తేడా లేకుండా ఇవ్వాలి. విరాళం అందిన వారంలోపే "మీ కంపెనీ మ్యాచ్ చేస్తుందా?" అని దాతకు సందేశం వెళ్లాలి. కొన్ని కంపెనీలు వలంటీరు గంటలకు కూడా డబ్బిస్తాయి కాబట్టి హాజరు పట్టీ ప్రతి క్లాసులో రాయించాలి. ఈ డబ్బు రావడానికి నెలలు పడుతుంది. డిసెంబరు విరాళానికి మ్యాచింగ్ వసంతంలో రావచ్చు. అందుకే ఆ 3,000 ఈ ఏటి జీతాలకు లెక్క కట్టకండి.

రసీదు దగ్గర పొరపాట్లు ఎక్కువ. 250 డాలర్లు, అంతకు మించిన విరాళానికి దాత దగ్గర రాతపూర్వక రసీదు ఉండాలి. సంస్థ పేరు, మొత్తం, బదులుగా ఏ వస్తువూ సేవా ఇవ్వలేదన్న వాక్యం ఉండాలి. తేదీ కూడా వెయ్యండి. లాప్‌టాప్ ఇచ్చినవారికి వస్తువు వివరం రాసివ్వాలే తప్ప దాని విలువ మనం వెయ్యకూడదు. విందు పెట్టి 100 డాలర్ల టికెట్ అమ్మితే, భోజనం విలువ 40 అయితే, పన్ను మినహాయింపు వచ్చేది 60కే. 75 డాలర్లు దాటిన ఇలాంటి టికెట్టుకు ఆ సంగతి రాసి చెప్పడం సంస్థ బాధ్యత. దాత ముందే డబ్బు వేసి, తర్వాత సంస్థలకు ఇప్పించే డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ నుంచి చెక్కు వస్తే కృతజ్ఞతాపత్రం పంపండి, పన్ను రసీదు మాత్రం ఇవ్వకండి. దాత ఆ ఫండ్‌లో వేసిన రోజే మినహాయింపు తీసుకున్నారు. 2026 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ (వివరాలు చూపకుండానే వచ్చే స్థిర మినహాయింపు) తీసుకునేవాళ్లకు కూడా నగదు విరాళం మీద ఒక్కరికి 1,000, జంటగా ఫైల్ చేస్తే 2,000 డాలర్ల దాకా మినహాయింపు ఉంది. యాభై, వంద ఇచ్చేవారికి ఈ మాట తప్పక చెప్పండి.

చిన్న విరాళాలను కార్డు మీద తీసుకుంటే 2.9 శాతం, పైన 30 సెంట్లు మామూలు ఫీజు. 20 డాలర్ల మీద 88 సెంట్లు పోతాయి, అంటే 4.4 శాతం. 500 మీద 14.80, మూడు శాతం లోపే. నెలనెలా ఇచ్చేవాళ్లను బ్యాంకు ఖాతా నుంచి నేరుగా ఇచ్చేలా మార్చుకుంటే ఫీజూ తగ్గుతుంది, కార్డు గడువు తీరి విరాళం ఆగిపోయే బెడదా తప్పుతుంది.

ప్రభుత్వ పథకం ఒక్కదాని మీద సంస్థను నిలబెట్టకండి. ఇంటర్నెట్ బిల్లులో నెలకు 30 డాలర్ల దాకా సాయం చేసిన అఫర్డబుల్ కనెక్టివిటీ ప్రోగ్రాం నిధుల్లేక 2024 జూన్ 1న ఆగిపోయింది. 2025 మేలో డిజిటల్ ఈక్విటీ గ్రాంట్లు రద్దయ్యాయి. "క్లాసు మేం చెబుతాం, నెట్ ప్రభుత్వం ఇస్తుంది" అని ప్రణాళిక వేసుకున్న సంస్థలు ఆ ఖర్చు తామే వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఈ వెయ్యి మా ఊరి బడికి పంపండి" అనే దాతలు తప్పకుండా వస్తారు. దాత పేరుపెట్టి చెప్పిన చోటికి డబ్బును దాటించే గొట్టంలా సంస్థ ఉండకూడదు. ఆ డబ్బు మీద నిర్ణయమూ నియంత్రణా బోర్డువే కావాలి. ఇండియాలో తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి, ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత అది మరో సంస్థకు ఆ డబ్బు బదలాయించకూడదు. స్థానిక క్లాసులు లక్ష్యంగా పెట్టుకున్న బోర్డు ఇలాంటి విరాళాన్ని మర్యాదగా వద్దనడమే మేలు.

వలసవాళ్ల బోర్డుకు ఇంకో బలహీనత ఉంది. ఉద్యోగం పోతే హెచ్-1బీ మనిషికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ లోపు కొత్త ఉద్యోగమో దారో చూసుకోవాలి, లేదా దేశం విడవాలి. ఆ మనిషే ట్రెజరరైతే, బ్యాంకు ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంటే, డొమైన్ ఆయన సొంత కార్డు మీదే ఉంటే, ఆయన కష్టంలో ఉన్నప్పుడే సంస్థ ఆయన వెంట పడాల్సి వస్తుంది. బ్యాంకులో ఇద్దరు సంతకందార్లు, పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉమ్మడి ఖాతా, ఐఆర్ఎస్ ఉత్తరాలు వచ్చే చిరునామా ఎవరి అపార్ట్‌మెంటూ కాకుండా పోస్టాఫీసు బాక్సు. ఇది ముఖ్యం, ఎందుకంటే వార్షిక రాబడి మామూలుగా 50,000 డాలర్లు దాటని సంస్థలు ఐఆర్ఎస్‌కు ఏటా ఇవ్వాల్సిన, ఐదు నిమిషాల్లో నింపే 990-ఎన్ ఫారం కూడా వరసగా మూడేళ్లు వెయ్యకపోతే 501(సి)(3) అనే పన్ను మినహాయింపు హోదా దానంతటదే పోతుంది. క్యాలెండర్ ఏడాది పాటించేవారికి గడువు మే 15.

మూడు నెలలకోసారి బోర్డు ముందు మూడు అంకెలు ఉంటే చాలు: పరీక్ష నెగ్గినవారు ఎందరు, చేతికొచ్చిన డబ్బు ఎంత, ఫోన్ చెయ్యాల్సిన పేర్లలో ఎన్ని మిగిలాయి. మూడోదే అందరికీ ఇబ్బంది, అందుకే దాన్ని సభ్యుల పేర్లతో సహా చూపించాలి. తగ్గినప్పుడు ఏం చెయ్యాలో జనవరిలోనే రాసి పెట్టుకోవాలి. సెప్టెంబరు 30 నాటికి 13,000 లేకపోతే ఆరో బ్యాచ్ ఆపేసి, లాప్‌టాప్‌లు 50కి తగ్గించి, కోఆర్డినేటరు గంటలు వారానికి ఆరు చెయ్యాలి. ఆ మార్పు అక్టోబరు మొదటి వారంలోనే, 60 ఎందుకు 50 అయిందో రాసి, ఇచ్చిన ప్రతి దాతకూ ఉత్తరంగా వెళ్లాలి. సంవత్సరాంతపు ఫోన్లు ఆ ఉత్తరం వెళ్లాకే మొదలవ్వాలి.