బీపీకి డిసెబిలిటీ పెన్షన్ ఇవ్వం అన్నారు, ట్రిబ్యునల్‌లో వచ్చింది: నా అనుభవం

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఆర్మీలో హవల్దార్‌గా రిటైరై ఇంటికొచ్చాను. సర్వీస్ పెన్షన్‌కి ఏ ఇబ్బందీ రాలేదు గానీ డిసెబిలిటీ పెన్షన్, అంటే సర్వీసు వల్ల వచ్చిన జబ్బుకి అదనంగా ఇచ్చే పెన్షన్, మాత్రం ఇవ్వం అన్నారు, దాని మీద రెండు అప్పీళ్లు వేస్తే రెండూ కొట్టేశారు, చివరికి సైనికుల కేసులు చూసే ఆర్మ్డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్తే వచ్చింది. గోదావరి జిల్లాల్లో మిలటరీ వాళ్లకి కొదవ లేదు, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరం అనే అంటారు. అయినా ఈ సంగతి ఎవర్ని కదిపినా "ఢిల్లీ వాళ్లే కాదన్నాక ఇంకేం చేస్తామండి" అంటున్నారు. చాలా చేయొచ్చు.

నాకున్నది బీపీ. భర్తీ అయినప్పుడు లేదు. జమ్మూ కశ్మీర్‌లో రాజౌరీ వైపు ఫీల్డ్‌లో, అంటే సరిహద్దు డ్యూటీలో చేసి, పీస్ స్టేషన్‌కి, అంటే ప్రశాంతంగా ఉండే చోటికి వచ్చాక మెడికల్‌లో బయటపడింది, అప్పట్నుంచి లో మెడికల్ కేటగిరీ, అంటే పూర్తి ఫిట్ కాదని. రిటైర్మెంట్ ముందు పరీక్ష చేసే డాక్టర్ల బోర్డు, రిలీజ్ మెడికల్ బోర్డు, డిసెబిలిటీ 30 శాతం, జీవితాంతం అని రాసింది. 20 శాతం ఉంటే చాలు కాబట్టి వస్తుందనే అనుకున్నాం. కానీ శాతం ఒక్కటే సరిపోదు, ఆ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో కూడా బోర్డు ఒప్పుకోవాలి. నా విషయంలో రెండూ కాదని రాశారు. రికార్డ్ ఆఫీసు నుంచి వచ్చిన లెటర్‌లో ఆ ముక్క తప్ప ఇంకేం లేదు, కిందన మాత్రం ఆరు నెలల్లో అప్పీల్ చేసుకోవచ్చని ఒక లైను ఉంది. ఆ లైను చదవకుండానే లెటర్ మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేసిన వాళ్లు మా చుట్టుపక్కల ఎంతమందో.

మా ప్రాంతంలో ఒక రిటైర్డ్ సుబేదార్ గారు ఈ కాగితాల పని తెలిసిన మనిషి. ఆయన లెటర్ చూడనైనా చూడలేదు. "బోర్డు ప్రొసీడింగ్స్ (మెడికల్ బోర్డు రాసిన కాగితాలు) కాపీ ఉందా బాబూ?" అన్నారు. లేదన్నాను. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి సమాచార హక్కు చట్టం కింద అడగమన్నారు. బోర్డు ప్రొసీడింగ్స్, భర్తీ నాటి మెడికల్, నా పోస్టింగుల వివరం, మూడూ అడిగాను.

కాపీలు వచ్చాక అసలు సంగతి అర్థమైంది. అన్నీ కలిపి బోలెడు పేజీలు, వాటిలో నా పెన్షన్ ఆపింది ఒకే ఒక్క గడి. జబ్బు సర్వీసుకి ఎందుకు సంబంధం లేదో కారణం రాయాల్సిన చోట, పీస్ ఏరియాలో మొదలైంది, ఫీల్డ్ సర్వీసుకి దగ్గర్లో రాలేదు అని చేత్తో రాసి ఉంది. అంతే. ఎన్నాళ్లు ఫీల్డ్‌లో చేశానో, అక్కడ డ్యూటీ ఏమిటో ఒక్క ముక్క లేదు. సుబేదార్ గారు అది చదివి "చేపల చెరువు గట్టు ఇవాళ తెగిందంటే కన్నం ఇవాళే పడిందనా?" అన్నారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఫస్ట్ అప్పీల్ ఢిల్లీలో కమిటీ చూస్తుంది, దాని మీద సెకండ్ అప్పీల్ ఇంకో కమిటీకి. ఇక్కడ ఒకటి గట్టిగా చెప్తాను, ఈ కమిటీలు మనల్ని పిలవవు, మన మొహం చూడవు, కాగితాలే చూస్తాయి. పిల్లల చదువులు, అప్పులు, ఇల్లు గడవడం ఎంత కష్టమో రాస్తే ఉపయోగం లేదు, బోర్డు రాసిన కారణానికి జవాబు రాయాలి. మేం పోస్టింగు తేదీలు, బీపీ బయటపడిన తేదీ పక్కపక్కన పెట్టి రాశాం. అయినా రెండుసార్లూ బోర్డు మాటనే తిప్పి రాసి పంపారు. అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. జవాబు రాకపోయినా ఆగిపోనక్కర్లేదు, అప్పీల్ పెట్టి ఆరు నెలలు దాటితే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు.

మన ఆంధ్రా కేసులు చెన్నై బెంచ్‌కి వెళ్తాయి. ఇద్దరు కూర్చుంటారు, ఒకరు జడ్జి, ఇంకొకరు సైన్యంలో పెద్ద ర్యాంకులో చేసినవారు. సొంతంగా వాదించుకోవచ్చు, నేను మాత్రం లాయర్‌ని పెట్టుకున్నాను. రోజుల తరబడి టెన్షన్ పడ్డాను గానీ విచారణ నాకు తెలియకుండానే అయిపోయినంత తొందరగా అయిపోయింది, ఎందుకంటే అంతా 2013లో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పినదాని మీదే నడిచింది. భర్తీ నాటి మెడికల్‌లో జబ్బు రాసి లేకపోతే అది సర్వీసు వల్ల వచ్చినట్టే అనుకోవాలి. కాదని చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, సైనికుడిది కాదు. జబ్బు ముందే ఉందంటే భర్తీ అప్పుడే ఎందుకు కనిపెట్టలేకపోయారో బోర్డు కారణం రాయాలి, అనుమానం ఉంటే లాభం సైనికుడికే ఇవ్వాలి. నా భర్తీ కాగితంలో బీపీ నార్మల్ అని ఉంది. బోర్డు రాసిన కారణం ఆ ఒక్క వాక్యం. ట్రిబ్యునల్ ఆ రెండు కాగితాలే ముందు పెట్టుకుని, కాదనడానికి ఆధారం ఏదని ప్రభుత్వం తరఫు వాళ్లని అడిగింది.

ఆర్డర్ నాకు అనుకూలంగా వచ్చింది, అందులో 30 శాతాన్ని 50గా లెక్కకట్టమన్నారు, దీన్ని రౌండింగ్ అంటారు. ఈ రౌండింగ్ మొదట్లో జబ్బు వల్ల మధ్యలో పంపించేసిన వాళ్లకే ఉండేది, 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు పూర్తి సర్వీసు చేసి దిగినవాళ్లకీ వర్తిస్తుందని తేల్చింది. నూటికి నూరు శాతం డిసెబిలిటీకి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు, అంటే 50కి 15 శాతం, నా పాత 30తో అయితే 9 శాతమే. బకాయిలు మాత్రం కేసు వేసిన తేదీకి వెనక మూడేళ్లకే ఇచ్చారు, అప్పట్లో మామూలుగా అంతే ఇచ్చేవారట. అందుకే ఆలస్యం చేసే కొద్దీ ఆ డబ్బు పోవచ్చు, దయచేసి ఆలస్యం చేయకండి. ఆర్డర్ వచ్చాక కూడా వెంటపడాలి, ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ ఆఫీసు నుంచి సవరించిన పీపీఓ (పెన్షన్ చెల్లించమనే ఆర్డర్) వచ్చేదాకా బ్యాంకులో పైసా పడదు.

ఇంకో సంగతి, 2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త రూల్స్ వచ్చాయి, నేను చెప్పిందంతా అంతకుముందు రిటైరైన వాళ్ల గురించి. ఆ తర్వాత దిగినవాళ్లు కొత్త రూల్స్ చూసుకోవాలి.

ఇప్పుడు ఆచంట నుంచి నాయక్ ర్యాంకులో చేసిన ఒకాయన వచ్చారు, ఫిరంగుల దగ్గర చేసి వినికిడి పోగొట్టుకున్న మనిషి, ఆయన లెటర్ ఏళ్ల నాటిది. ముందు బోర్డు ప్రొసీడింగ్స్ కోసం పోస్టల్ ఆర్డర్ తీయించాను.